కాళ్ళు కప్పే బొంత

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఈ సంగతి జరగకముందు లేదు, ఇది రాస్తున్న ఇప్పుడూ లేదు. మా పనిలో ఉన్నవాళ్ళకి ఆ నమ్మకం ఉంటే పని సాగదు. నేను సినిమాల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పని చేస్తాను. పాడుబడ్డ ఇల్లు కావాలంటే ఆ సాలెగూళ్ళు పెట్టేది మేమే. గోడ మీద చెమ్మ మరకలు వేసేది మేమే. గాలి లేకుండా తలుపు కొట్టుకోవాలంటే తలుపు వెనక సన్నటి వైరు పట్టుకుని కూర్చునేదీ మేమే.

అందుకే ఫిల్మ్‌నగర్‌లో షూటింగులకిచ్చే ఇళ్ళ గురించి మనవాళ్ళు చెప్పే కథలు నాకు చిరాకు. ఏ బంగ్లాకి వెళ్ళినా ఒక కథ. మేడ మీద గదిలో ఎవరో ఏడుస్తారని ఒకచోట, మేకప్ రూమ్ అద్దంలో ఎవరో కనిపించారని ఇంకోచోట. ఎవరు చూశారని అడిగితే మాత్రం ఎప్పుడూ ఇంకెవరో చూసినదే. నేను కళ్ళారా చూసినది ఒక్కటే. అది పట్టపగలు, దగ్గర దగ్గర ముప్పై మంది తిరుగుతున్న ఇంట్లో జరిగింది. అందులో ఏడుపుల్లేవు, అద్దాల్లేవు. ఒక బొంత ఉంది, అంతే.

పోయిన చలికాలం ఒక సినిమాకి పని చేస్తున్నాను. అందులో ఒక ముసలితల్లి మంచాన పడి ఉంటుంది. చాలా ఏళ్ళ తర్వాత కొడుకు వస్తాడు. ఏమీ మాట్లాడడు. వచ్చి ఆమె కాళ్ళు పట్టుకుంటాడు. సినిమాకి అదే ముఖ్యమైన సీను అని డైరెక్టర్ మొదటినుంచీ చెబుతూ వచ్చాడు. మంచం మీద పాత బొంత ఉండాలన్నాడు. బేగంబజార్ నుంచి ఒకటి తెప్పించాం. టీ నీళ్ళలో ముంచాం, ఎండలో పడేశాం, ఇటుక ముక్కతో రుద్దాం. ఎంత చేసినా కెమెరాలో కొత్తదే. డైరెక్టర్ మానిటర్ చూసి, "ఇది ఎవరూ కప్పుకోని బొంతండీ, తెలిసిపోతోంది," అన్నాడు.

ఆ మాట నిజమే. నాకు వెంటనే మా అమ్మ బొంత గుర్తొచ్చింది.

అమ్మది రేపల్లె దగ్గర పల్లె. నాన్న ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి మోతీనగర్‌లో స్థిరపడ్డాం. ఆ బొంతని అమ్మ మోతీనగర్ ఇంట్లోనే కుట్టింది. పైన తన పెళ్ళినాటి ముదురాకుపచ్చ చీర, కింద నాన్న పంచెలు, మధ్యలో చిరిగిపోయిన నేత చీరలు. దబ్బనంతో, లావు దారంతో, కుట్టు పక్క కుట్టు. మధ్యాహ్నం వంట అయిపోయాక నేల మీద పరుచుకుని, దాని మీదే కూర్చుని కుట్టేది. మేం స్కూలు నుంచి వస్తే మా బ్యాగులు కూడా దాని మీదే పడేవి. అన్నయ్యకీ నాకూ చిన్నప్పుడు ఒకటే బొంత. చుట్టాలొస్తే వాళ్ళకి అది, మాకు దుప్పట్లు. ఇస్త్రీకి అదే, వడియాలు ఎండబెట్టినప్పుడు కింద పరవడానికి అదే, అన్నయ్య కూతురు పుట్టాక పాపకి పక్క కూడా అదే. అంతకుముందు ఏడాది అమ్మ పోయాక అది వదిన దగ్గర ఉండిపోయింది.

వదిన పేరు సుగుణ. మంచిదే, కానీ షూటింగులంటే పడదు.

"మీ షూటింగుకి వెళ్ళిన వస్తువు తిరిగొచ్చిందెప్పుడు? ఇత్తడి బిందె ఏమైంది?" అంది.

"బిందె వేరు వదినా. ఇది నా చేత్తో తీసుకెళ్ళి నా చేత్తో తెస్తాను."

"పాప దీని మీద తప్ప పడుకోదు."

"రెండ్రోజులేగా."

బొంతని ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇస్తూ, "మరక పడితే మాత్రం ఊరుకోను," అంది.

షూటింగ్ ఫిల్మ్‌నగర్‌లో ఒక పాత ఇంట్లో. కింద గదిని మేం మధ్యతరగతి పడకగదిలా మార్చాం. ఒకటే తలుపు. కిటికీకి బయటనుంచి లైటు కోసం తెల్లగుడ్డ బిగించారు, అటునుంచి ఎవరూ రాలేరు. తల్లి వేషం వేసినావిడని సీతారత్నం గారు అందాం, అసలు పేరు రాయడం బాగుండదు. టీవీలో, సినిమాల్లో అమ్మగా, అత్తగా అందరూ చూసిన మనిషే. డెబ్బై దాటినావిడ. నడిచేటప్పుడు తల వంచుకుని, ప్రతి అడుగూ చూసుకుంటూ వేసేవారు. కింద వైర్లు ఉన్నాయని జాగ్రత్త పడుతున్నారనుకున్నాను.

పొద్దున మొదటి షాట్ బాగానే వచ్చింది. బొంత ఛాతీ దాకా ఉంది, పాదాలు బయట ఉన్నాయి. కొడుకు వచ్చి పట్టుకోవాల్సింది ఆ పాదాలనే కాబట్టి అవి కనిపించాలి. కెమెరాని మంచం కాళ్ళవైపుకి మార్చడానికి అందరం బయటికొచ్చాం. లేచి పడుకోవడం కష్టమని ఆవిడ అలాగే ఉండిపోయారు.

తిరిగి లోపలికి వెళ్ళేసరికి స్వప్న అరుస్తోంది. స్వప్న అసిస్టెంట్ డైరెక్టర్, బోరబండ అమ్మాయి. ఏ షాట్‌లో ఏ వస్తువు ఎక్కడుందో ఫోన్‌లో ఫోటోలు తీసుకుని, తర్వాత షాట్‌లో తేడా రాకుండా చూసే పని ఆమెది.

"గిదేందక్కా? కాళ్ళెందుకు కప్పినవ్? షాట్ల కాళ్ళు బయటికున్నయ్ గదా!"

"నేను కప్పలేదు స్వప్నా."

"మరి నీ బొంతనే గదా, ఇంకెవరు ముట్టుకుంటరు?"

నాకు కోపం వచ్చింది. ఆవిడ చలేసి లాక్కుని ఉంటారని సర్దేసి, మళ్ళీ పాదాలు బయటికి పెట్టాను. ఆవిడ కళ్ళు మూసుకుని ఉన్నారు.

లైట్లు సరిచూసుకుని, కొడుకు వేషం వేసిన హీరోని పిలిచి, రెడీ అనేసరికి మళ్ళీ కాళ్ళు కప్పి ఉన్నాయి.

ఈసారి డైరెక్టర్ మానిటర్ దగ్గరనుంచే గట్టిగా అన్నాడు: "ఎవరమ్మా ఆ కాళ్ళు కప్పేది? నాకు కావాల్సింది ఆ కాళ్ళే!"

నేను మంచం దగ్గరికి వెళ్ళి మెల్లగా, "అమ్మా, కాళ్ళు కొంచెం బయట ఉంచాలండీ," అన్నాను.

ఆవిడ కళ్ళు తెరిచి, "నేను కదల్లేదమ్మా. కప్పింది నువ్వు కాదూ? నువ్వే అనుకున్నాను. హాయిగా ఉంది, వెచ్చగా," అన్నారు.

పెద్దావిడ, మందుల మత్తులో తను లాక్కుని తనే మర్చిపోయింది అనుకున్నాను. మీరైనా అదే అనుకుంటారు.

మూడోసారి నేను గదిలోనే నిలబడ్డాను. మంచం కాళ్ళ దగ్గర, గోడకి ఆనుకుని. ఎవరూ మంచం దగ్గరికి రాకుండా చూద్దామని. మా ఆర్ట్ డైరెక్టర్ గుమ్మంలోంచి కర్టెన్ రంగు గురించి ఏదో అడిగితే తల అటు తిప్పి జవాబు చెప్పాను. పట్టుమని నాలుగు మాటలు. మళ్ళీ ఇటు తిరిగేసరికి పాదాలు కనిపించలేదు.

అప్పుడు చూశాను, అవి ఎలా కప్పి ఉన్నాయో. అంతకుముందు రెండుసార్లూ చిరాకులో చూడకుండానే లాగేశాను.

బొంతని ఊరికే కిందికి లాగలేదు. ఎడమ కొస కుడి పాదం మీదుగా వెళ్ళి మడమ కింద దూరి ఉంది. కుడి కొస దాని మీదుగా వచ్చి ఎడమ మడమ కింద దూరి ఉంది. మధ్యలో మిగిలిన గుడ్డ పాదాల కిందికి మడిచి ఉంది. చంటిబిడ్డకి పొత్తిగుడ్డ చుట్టినట్టు. చలికాలంలో మా అన్నయ్యకీ నాకూ అమ్మ అలా చుట్టేది. రాత్రి ఎంత దొర్లినా ఊడేది కాదు. "పాదాలు చల్లబడితే ఒళ్ళంతా చల్లబడినట్టే," అనేది. ఆ మడత అన్నయ్యకి రాదు, నాకు రాదు, వదిన ఎప్పుడూ చూడలేదు. పడుకున్న మనిషి తన కాళ్ళకి తను అలా చుట్టుకోలేరు. మడమ ఎత్తి కింద దూర్చడానికి ఇంకొక మనిషి కావాలి.

నేను అరవలేదు, పరిగెత్తలేదు. నిజం చెప్పాలంటే మొదట నాకు వచ్చింది భయం కాదు, విసుగు. అటు చూస్తే యూనిట్ అంతా నావైపే చూస్తోంది. ఈ మాట ఎవరితో చెప్పాలి? ఎలా చెప్పాలి? మడత విప్పి, పాదాలు బయటికి పెట్టి, "సారీ సర్," అన్నాను. ఇంకేం అనగలను?

పిన్నీసులు పెట్టమని డైరెక్టరే అన్నాడు. మోకాళ్ళ దగ్గర బొంతని పరుపు మీది దుప్పటితో కలిపి నాలుగు పెద్ద పిన్నీసులు గుచ్చాను. లాగి చూశాను, కదల్లేదు. స్వప్న ఫోటో తీసింది. ఈసారి గదిలో ఆవిడ తప్ప ఎవరూ ఉండకూడదని అందరినీ బయటికి పంపి, స్వప్న గుమ్మంలో అడ్డంగా, బయటివైపు తిరిగి నిలబడింది. నేనూ ఆమె పక్కనే, వచ్చేవాళ్ళనే చూస్తూ ఉన్నాను. లోపలికి ఈగ కూడా పోలేదని నేను ఎక్కడైనా చెప్తాను.

హీరో మేకప్ సరిచేసుకుని వచ్చాడు. లోపలికి వెళ్ళాం. పాదాలు చుట్టి ఉన్నాయి. పిన్నీసులు నాలుగూ మూతి మూసి, మంచం పక్క స్టూలు మీద, మంచినీళ్ళ గ్లాసు పక్కన వరసగా ఉన్నాయి. సీతారత్నం గారు చిన్నగా గురక పెడుతున్నారు.

స్వప్న మొహం పాలిపోయింది. "నేను గీడ్నే నిలబడ్డ గదక్కా. ఎవ్వరు రాలే. నువ్వు సూడలే? ఎవ్వరు రాలే," అని అదేమాట మళ్ళీ మళ్ళీ అంది.

ఇక అక్కడినుంచి అందరికీ ఒక్కో సమాధానం దొరికింది. కెమెరామన్ ఏసీ గాలి అన్నాడు. ఏసీ గాలికి పిన్నీసులు ఊడి మూసుకుంటాయా అంటే నవ్వేశాడు. ప్రొడక్షన్ మేనేజర్ నిమ్మకాయలు తెప్పించి, కొబ్బరికాయ మీద కర్పూరం వెలిగించి గదికి దిష్టి తీయించాడు. ఈ ఇంటి ఓనరు తల్లి ఈ గదిలోనే పోయిందట అని ఎవరో అప్పటికప్పుడు ఒక కథ అల్లేశారు. తర్వాత వాకబు చేస్తే ఆవిడ బంజారాహిల్స్‌లో పెద్దకొడుకు ఇంట్లో నిక్షేపంగా ఉంది. ఇంకో పక్క నేనే ఏదో గారడీ చేస్తున్నానని మా వాళ్ళలోనే ఒకరు అన్నారు. వైరు కట్టి తలుపులు కదిపే డిపార్ట్‌మెంట్ కదా మాది. ఆ మాటే నాకు అన్నిటికన్నా ఎక్కువ తగిలింది.

చివరికి నా బొంత తీసేసి, ఆ బేగంబజార్ బొంతే వేశారు. ఒక్క టేక్‌లో సీను అయిపోయింది. పాదాలు బయటే ఉన్నాయి. హీరో పట్టుకున్నాడు, కన్నీళ్ళు పెట్టుకున్నాడు, అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ బొంత మాత్రం తప్పు చేసినదానిలా వసారాలో ప్లాస్టిక్ సంచిలో పడి ఉంది. దాని పక్కనుంచి నడవకుండా మనుషులు చుట్టు తిరిగి వెళ్ళడం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంటికి తెచ్చి వదినకి జరిగినదంతా చెప్పాను.

"పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా?" అంది.

"నా మాట నమ్మవా?"

"నమ్మకేం. కానీ విమలా, ఏడాదిగా నేనూ పాపా ఆ బొంతతోనే ఉన్నాం. పాప కాళ్ళు ఎప్పుడూ బయటే ఉంటాయి. మాకెప్పుడూ ఎవరూ కప్పలేదు."

మా చర్చి పాస్టరమ్మ గారికి చెబితే ప్రార్థన చేద్దామన్నారు, చేశారు. చనిపోయినవాళ్ళు ప్రభువు దగ్గర నెమ్మదిగా ఉంటారు, ఇలాంటివాటికి రారు, అలాంటి ఆలోచన పెట్టుకోకు అన్నారు. నేను మాత్రం కావాలని పెట్టుకున్నానా?

ఒకమాట ఒప్పుకోవాలి. ఆ వారమంతా పని లేని మధ్యాహ్నాలు వదిన వాళ్ళింటికి వెళ్ళి, ఆ బొంత కప్పుకుని, పాదాలు బయటపెట్టి పడుకున్నాను. వదిన వంటింట్లోంచి తొంగిచూసి వెళ్ళిపోయేది. కళ్ళు మూసుకున్నాను. నిద్రపోయాను కూడా. లేచేసరికి పాదాలు బయటే, చల్లగా, నేను పెట్టినచోటే ఉన్నాయి. బొంతలో న్యాఫ్తలిన్ ఉండల వాసన, పాప పాల వాసన. ఇంకేం లేదు.

కొన్నాళ్ళకి సీతారత్నం గారు ఫోన్ చేశారు. స్వప్న దగ్గర నంబరు తీసుకున్నారట. ఇంటికి రమ్మన్నారు, కుదిరితే ఆ బొంత కూడా తెమ్మన్నారు. వదినకి చెబితే, "తీసుకెళ్ళు. నీకు తేలేదాకా నాకు మనశ్శాంతి ఉండదు," అంది.

ఆవిడ ఫిల్మ్‌నగర్‌లోనే, కొండవాలు మీద ఒక పాత అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. మధ్యాహ్నం వెళ్ళాను. కాఫీ ఇచ్చి, బొంతని ఒళ్ళో పెట్టుకుని కుట్లు తడుముతూ కూర్చున్నారు.

"మొన్న షూటింగులో అందరూ ఏదేదో అన్నారు. నన్నెవరూ అడగలేదు," అన్నారు.

"నిద్రపోయారనుకున్నామండీ."

"కాసేపు పోయాను. కానీ మొదట మూడుసార్లూ మెలకువగానే ఉన్నాను. ఎవరో మడమ ఎత్తి కింద గుడ్డ దూర్చారు. గరుకు చేతులు. వేళ్ళు తెలిశాయి నాకు. వెచ్చదనం తెలిసింది."

"కళ్ళు తెరిచి చూడలేదా అమ్మా?"

"ఎందుకు చూస్తాను? మీలో ఎవరో అనుకున్నాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది," అని తన పాదాలవైపు చూపించారు. "నాకు షుగర్ వచ్చి చాలా ఏళ్ళయిందమ్మా. ఈ పాదాల్లో స్పర్శ లేదు. మేకు దిగినా తెలియదు. అందుకే చూసుకుంటూ నడుస్తాను. చెప్పు జారిపోయినా తెలియదు నాకు. మరి ఆ చేతులు ఎలా తెలిశాయి?"

ఆవిడ నన్ను అడుగుతున్నారు, నేను ఆవిడని అడుగుదామని వచ్చాను.

"ఈ బొంత కుట్టినావిడకి నేనేమైనా తెలుసా?" అన్నారు.

తెలియదు. అమ్మ ఆవిడని టీవీలో చూసి ఉంటుంది, అందరిలాగే. ఈవిడంటే ఇష్టమని అమ్మ అన్నట్టు నాకు గుర్తు లేదు. ఊళ్ళు కూడా కలవలేదు. ఆవిడది రాజమండ్రివైపు. కాసేపు ఇద్దరం ఏదో ఒక సంబంధం వెతికాం. ఒక్కటీ దొరకలేదు.

తర్వాత ఆవిడే దివాన్ మీద పడుకున్నారు. నేను బొంత ఛాతీదాకా కప్పి, పాదాలు బయట ఉంచి, కుర్చీలో కూర్చున్నాను. తల తిప్పుకున్నాను. బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. మళ్ళీ వచ్చాను. ఏమీ జరగలేదు. పిలిచినా రాని చుట్టం కోసం ఎదురుచూసినట్టు ఇద్దరం అలా ఎంతసేపున్నామో. చివరికి నాకు విసుగొచ్చి, ఆవిడ కళ్ళు మూసుకుని ఉండగా, నేనే మెల్లగా మడమ ఎత్తి, ఎడమ కొస అటు, కుడి కొస ఇటు వేసి చుట్టడానికి ప్రయత్నించాను. సరిగా కుదరలేదు. ఒక పక్క దూరిస్తే రెండో పక్క జారింది. ఎలాగో బిగించి లేచాను.

ఆవిడ కళ్ళు మూసుకునే ఉన్నారు. "ఏమన్నా తెలిసిందా అమ్మా?" అన్నాను.

"లేదమ్మా. ఇంకాసేపు చూద్దామా?" అన్నారు.

నేను కప్పిన సంగతి ఆవిడకి తెలియనే లేదు.

ఆ సాయంత్రం బొంతని తెచ్చి వదినకిచ్చేశాను. మరునాడు పాప దాన్ని తడిపింది. వదిన మేడ మీద టబ్బులో వేసి కాళ్ళతో తొక్కి ఉతికింది, పిండడానికి నన్ను పిలిచింది. తడిస్తే అది ఇద్దరు మోయాల్సినంత బరువు. చెరో కొసా పట్టుకుని మెలిపెట్టి, పిట్టగోడ మీద ఆరేశాం. అప్పటినుంచి అది మామూలు బొంతే. స్వప్న ఫోన్‌లో ఆ రోజు ఫోటోలు ఇంకా ఉన్నాయి. ఒకదాంట్లో పాదాలు బయట, తర్వాతదాంట్లో చుట్టి. చూసినవాళ్ళు, "ఎవరో కప్పారు, అయితే ఏంటి?" అంటారు. ఫోటోలో అంతకన్నా ఏం కనిపిస్తుంది?

ఎంత ఆలోచించినా నాకు ఇది తేలదు. ఏసీ కాదు. సీతారత్నం గారు కాదు. నేను కాదు. దయ్యం అనడానికి నాకు నోరు రాదు. అమ్మ అనుకోమంటారు కొందరు, ఓదార్పుగా ఉంటుందని. అది ఇంకా కష్టం. అమ్మే అయితే, ఆ గదిలో నేనూ ఉన్నాను కదా.